అనంతపురం ఎండల్లో క్రికెట్ మైదానపు పచ్చిక: బోరు నీటిని బట్టి ఏడాది పని

అనంతపురం ప్రాంతంలో ఏడాదికి పడే వాన సుమారు 550 మిల్లీమీటర్లు. నైరుతి మేఘం పడమటి కనుమల దగ్గరే కురిసేసి ఇటు వస్తుంది. ఈశాన్యం కోస్తా దాటి ఇక్కడికి చేరేసరికి నీరసిస్తుంది. జూన్, జూలైల్లో వాన కంటే గాలే ఎక్కువ. గట్టి వానలు చూసేది సెప్టెంబరు, అక్టోబరుల్లో.

పచ్చిక పనుల క్యాలెండర్లు ఎక్కువగా బెంగళూరు, హైదరాబాదుల వాతావరణానికి రాసినవి. వాటి ప్రకారం జూన్ మొదట్లో మైదానమంతా గుచ్చి, గీకి, ఇసుక పోయాలి. మన దగ్గర అప్పుడే బోర్లు ఏడాదిలోకెల్లా అడుగున ఉంటాయి. గుచ్చిన పచ్చికకు మామూలు రోజుల కంటే నీళ్లు ఎక్కువ కావాలి, ఆ నీళ్లే ఉండవు. అందుకే ఇక్కడ ముందు నీటి లెక్క తేలాలి, ఆ తర్వాతే పని తేదీ పెట్టుకోవాలి.

కింది వివరాలు బెర్ముడా రకాలు (సెలెక్షన్ 1, టిఫ్‌వే 419 వంటివి) వేసిన క్రికెట్ ఔట్‌ఫీల్డ్‌కు సంబంధించినవి. ఇవన్నీ మన గరికకు దగ్గరి రకాలే. గోల్ఫ్ ఫెయిర్‌వేకూ (బంతి కొట్టుకుంటూ వెళ్లే పొడవాటి పచ్చిక) దాదాపు ఇదే పని. పుటింగ్ గ్రీన్‌కు (గోల్ఫ్ రంధ్రం చుట్టూ బాగా పొట్టిగా కోసిన పచ్చిక) మారేవి చివర్లో ఉన్నాయి.

నీటి లెక్క

70 మీటర్ల వ్యాసార్ధం ఉన్న మైదానం సుమారు 15,400 చదరపు మీటర్లు, అంటే 3.8 ఎకరాలు. చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు నీరంటే ఒక లీటరు. ఏప్రిల్, మే నెలల్లో బెర్ముడా రోజుకు సుమారు 5 మిల్లీమీటర్లు తాగుతుంది. మొత్తం మైదానానికి 77,000 లీటర్లు. 5,000 లీటర్ల ట్యాంకర్లయితే పదిహేను దాటతాయి. గంటకు 10,000 లీటర్లు పోసే బోరైతే దాదాపు ఎనిమిది గంటలు నడవాలి.

మీ బోరు ఎంత పోస్తుందో నోటిమాటగా నమ్మొద్దు. 200 లీటర్ల డ్రమ్ము పైపు కింద పెట్టి ఎన్ని సెకన్లలో నిండిందో చూడండి. 72 సెకన్లలో నిండితే గంటకు 10,000 లీటర్లు. మోటారు వేసిన వెంటనే కాదు, రెండు గంటలు నడిచాక కొలవాలి. నవంబరులో కొలిచిన లెక్కతో మే నెల గడవదు, కాబట్టి మే నెలలోనే కొలవండి.

తర్వాత ఎన్నాళ్లకోసారి పెట్టాలన్నది. ఎర్ర గరప నేలలో వేరు 15 సెంటీమీటర్లు దిగి ఉంటే, ఆ లోతులో గడ్డి వాడుకోగల నీరు 16-18 మిల్లీమీటర్లకు మించదు. అందులో సగం అయిపోగానే మళ్లీ పెట్టాలి. అంటే ఎండాకాలంలో రెండు రోజులకోసారి 10 మిల్లీమీటర్లు. రోజూ 5 పెట్టడం కంటే ఇదే మేలు, వేరు లోపలికి దిగుతుంది. మైదానాన్ని రెండు సగాలుగా చేసి రాత్రికి ఒక సగం తడిపితే బోరు మీద రోజువారీ భారం అదే 77,000 లీటర్ల దగ్గర ఉంటుంది. కర్నూలు, నంద్యాల వైపు నల్లరేగడి మైదానాల్లో మూడు రోజులకోసారి చాలు. కానీ రేగడిలో నీరు మెల్లగా ఇంకుతుంది కాబట్టి పది నిమిషాలు పెట్టి, అరగంట ఆపి, మళ్లీ పెట్టాలి.

తడి ఎంత దిగిందో తెలుసుకోవడానికి 15 సెంటీమీటర్ల స్క్రూడ్రైవర్ చాలు. తడిపిన మర్నాడు పది చోట్ల గుచ్చండి. పిడి దాకా సులువుగా దిగితే సరిపోయింది. సగంలో ఆగితే ఆ చోట నీళ్లు అందలేదు, లేదా నేల గట్టిపడింది. నడిచిన అడుగుల గుర్తులు వెంటనే లేవకుండా అలాగే ఉండి, ఆకు నీలి బూడిద రంగుకు తిరిగితే గడ్డి దప్పికతో ఉన్నట్టు. ఆ రోజు దాని మీద రోలరు, కోత యంత్రం ఎక్కించొద్దు.

స్ప్రింక్లర్లు సమంగా చల్లుతున్నాయో లేదో చూడటానికి ఒకే కొలత ఉన్న ఇరవై నాలుగు డబ్బాలు తీసుకోండి. మూడేసి మీటర్ల దూరంలో పేర్చి ఇరవై నిమిషాలు నడిపి, ఒక్కో డబ్బాలో నీటి ఎత్తు స్కేలుతో కొలవండి. అన్నిటికంటే తక్కువ వచ్చిన ఆరు డబ్బాల సగటును మొత్తం సగటుతో భాగించండి. 0.7 పైన వస్తే బాగుంది. 0.6 కంటే తగ్గితే పంపు ఎక్కువసేపు నడిపి లాభం లేదు. ఎండిన చోట ఎండుతూనే ఉంటుంది, తడిసిన చోట బురదవుతుంది. నాజిల్ అరుగుదల, వాలిన రైజరు (స్ప్రింక్లర్ తలను మోసే నిలువు గొట్టం), పైపులో ఒత్తిడి, ఈ వరసలో వెతకండి.

జూన్ నుంచి ఆగస్టు దాకా పడమటి గాలి ఈ పరీక్షను తలకిందులు చేస్తుంది. గాలి ఎగదిక్కున ఉన్న పడమటి అంచు ఎండిపోతుంది. ఆ నెలల్లో గాలి తగ్గి ఉండే తెల్లవారుజామున మూడు నుంచి ఆరున్నర మధ్యే నీళ్లు పెట్టండి. పడమటి అంచుకు విడిగా కొన్ని నిమిషాలు కలపండి.

నీటి గుణం

ఏటా ఒకసారి, మే నెలలో, బోరు నీటిని పరీక్ష చేయించాలి. ఫ్లోరైడ్ మనుషులకు సమస్య గానీ గడ్డికి అంతగా కాదు. గడ్డికి చూడాల్సినవి ఈసీ (నీటిలో ఎంత ఉప్పుందో చెప్పే విద్యుత్ వాహకత), సోడియం, బైకార్బొనేట్. ఈసీ మీటరుకు 0.75 డెసీసీమెన్స్ లోపల ఉంటే నిశ్చింత. 3 దాటితే బెర్ముడా కూడా ఇబ్బంది పడవచ్చు. మిగులు కార్బొనేట్ (నీటిలోని కాల్షియం, మెగ్నీషియంలకు మించి ఉన్న కార్బొనేట్, బైకార్బొనేట్) లీటరుకు 1.25 నుంచి 2.5 మిల్లీ ఈక్వివలెంట్ల మధ్య ఉంటే జాగ్రత్త పడాలి. 2.5 దాటితే ఆ నీటిని సరిచేయకుండా వాడకూడదు. అలా వాడితే నేల పైపొర బిగుసుకుపోతుంది, తెల్లటి పొక్కు తేలుతుంది. నీళ్లు పెట్టినా ఇంకక పక్కకు పారుతాయి. చౌడు నేల ఎలా ఉంటుందో తెలిసినవాళ్లు దీన్ని చూడగానే గుర్తుపడతారు.

మందు జిప్సం. మిగులు కార్బొనేట్‌ను ఒక మిల్లీ ఈక్వివలెంట్ తగ్గించాలంటే వెయ్యి లీటర్ల నీటికి 86 గ్రాముల శుద్ధ జిప్సం కావాలి. నీటి పరీక్షలో 3 వచ్చింది, దాన్ని 1.5కి తేవాలి అనుకుందాం. వెయ్యి లీటర్లకు 129 గ్రాములు, రోజుకు 77,000 లీటర్లకు సుమారు 10 కిలోలు, వేసవి నూరు రోజులకు ఒక టన్ను. ఎకరాకు 260 కిలోల చొప్పున పడుతుంది. వేరుశనగకు పూత దశలో ఎకరాకు 200 కిలోలు వేయడం మన రైతులకు అలవాటే, దానికి కొంచెం పైన. బజారులో దొరికే జిప్సం పూర్తి శుద్ధం కాదు కాబట్టి సంచి మీది శాతం చూసి పెంచుకోవాలి. ట్యాంకులో కలిపితే అడుగున పేరుకుపోతుంది. రెండు మూడు దఫాలుగా మైదానం మీద చల్లడమే నయం, నేలను గుచ్చిన వెంటనే చల్లితే ఇంకా మంచిది.

కోత

ఔట్‌ఫీల్డ్‌కు 12 మిల్లీమీటర్ల ఎత్తు పెట్టుకోండి. ఒక కోతలో ఆకులో మూడో వంతుకు మించి తీయకూడదు. 12 దగ్గర నిలపాలంటే 18కి చేరేలోపే కోయాలి. సెప్టెంబరులో అది వారానికి మూడు సార్లు అవుతుంది, జనవరిలో వారానికి ఒకటి సరిపోతుంది. ఆలస్యమై 30 దాకా పెరిగితే ఒకేసారి 12కి దించొద్దు. అలా దించితే కింద ఎండిన కాడలు బయటపడి మైదానం గోధుమరంగుకు తిరుగుతుంది, కోలుకోవడానికి రెండు వారాలు పడుతుంది. 20, తర్వాత 15, ఆ తర్వాత 12 అంటూ మూడు నాలుగు రోజుల తేడాతో దించండి. నడి ఎండాకాలంలో ఎత్తు 15కి పెంచితే నేల నీడపట్టున ఉంటుంది.

ఈ ఎత్తుకు రీల్ మోవర్ (తిరిగే బ్లేడ్ల చుట్ట కత్తెరలా కోసే యంత్రం) తప్పదు. రోటరీ యంత్రం 25 మిల్లీమీటర్ల కంటే కింద ఆకును కోయదు, చీలుస్తుంది. రీలుకు, బెడ్ నైఫ్‌కు (దాని కింద కదలకుండా ఉండే కత్తి) మధ్య దినపత్రిక ముక్క పెట్టి చేత్తో తిప్పండి. పొడుగునా ఎక్కడ పెట్టినా శుభ్రంగా తెగాలి. ఒక చివర తెగి మరో చివర నలిగితే సర్దుబాటు వంకరగా ఉంది. కోసిన మర్నాడు ఆకు కొసలు తెల్లగా పీచు తేలి కనిపిస్తే పదును పోయింది. ఎర్ర నేల దుమ్ము, ఇసుక రేణువులు పదునును తొందరగా తినేస్తాయి కాబట్టి ఇసుక వేసిన తర్వాత రెండు మూడు కోతలు పాత బ్లేడుతో కానిచ్చి, ఆ తర్వాతే పదును పెట్టించండి.

పెద్ద పని: సగం మైదానం ఒకసారి

రోహిణి కార్తె ఎండలు దాటి మృగశిర గాలులు మొదలయ్యాక పగటి వేడి 40 నుంచి 35 దిగువకు వస్తుంది. బెర్ముడా గాయం మాన్చుకోవడానికి అది సరైన వేడి. అడ్డు నీళ్లొక్కటే. మైదానాన్ని నిలువుగా రెండు భాగాలు చేయండి. పడమటి సగం జూన్ చివరి వారంలో, తూర్పు సగం మూడు వారాల తర్వాత. మొదటి సగం కోలుకునేదాకా రెండో సగానికి బతికి ఉండేంత నీళ్లు, అంటే రోజుకు 3 మిల్లీమీటర్ల లెక్కన పెట్టండి. అప్పుడు పని జరుగుతున్న సగానికి రోజుకు 6-7 మిల్లీమీటర్లు దక్కుతాయి. జూలై మూడో వారానికి పని అయిపోతే మ్యాచ్‌లు మొదలయ్యే సెప్టెంబరుకు ఆరు వారాలు చేతిలో ఉంటాయి. బోరు ఆమాత్రం కూడా పోయకపోతే బౌలర్ల రనప్ చివరలు, బౌండరీ గేటు దారి, ప్రాక్టీసు జరిగే మూల వంటి నలిగిన చోట్లకే పని పరిమితం చేయండి. మిగతాది వచ్చే ఏటికి వదిలేయడం నష్టమేమీ కాదు.

వరస ఇది:

1. పది రోజుల ముందు ఎకరాకు అర బస్తా యూరియా చల్లి తడపండి. బలంగా పెరుగుతున్న గడ్డినే గాయం చేయాలి.

2. ఎత్తును మూడు కోతల్లో 12 నుంచి 8 మిల్లీమీటర్లకు దించండి.

3. స్ప్రింక్లర్ తలలు, వాల్వు పెట్టెలు అన్నిటి దగ్గరా చిన్న జెండాలు గుచ్చండి. ఈ పని మరిచిపోయి టైన్లు (నేలను గుచ్చే యంత్రపు మేకులు) విరగ్గొట్టుకున్న మైదానాలకు లెక్క లేదు.

4. కత్తితో చిన్న ముక్క కోసి చూడండి. ఆకుకు, మట్టికి మధ్య ఎండిన కాడల పొర 12 మిల్లీమీటర్లు దాటితే వెర్టికట్ (నిలువు బ్లేడ్లతో గీకడం) చేయాలి. బ్లేడు మట్టిని గీరీ గీరనట్టు తాకితే చాలు. రెండోసారి అడ్డంగా కాకుండా ఐమూలగా నడపండి. పైకి వచ్చిన చెత్త అంతా ఎత్తేయాలి.

5. 12 మిల్లీమీటర్ల బోలు టైన్లతో 5 సెంటీమీటర్ల ఎడంలో, 8-10 సెంటీమీటర్ల లోతు గుచ్చండి. ముందురోజు తడిపి ఉండాలి. ఎండిన ఎర్ర నేలలో టైను దిగదు, బురదలో రంధ్రం గోడలు మెత్తి మూసుకుపోతాయి. వచ్చిన మట్టి కడ్డీలు ఎర్ర గరపవైతే ఎండనిచ్చి చాపతో లాగి పొడిచేయొచ్చు. నల్లరేగడివైతే ఒక్కటీ మిగలకుండా ఏరేయండి.

6. ఇసుక. రంధ్రాలు నిండటానికి చదరపు మీటరుకు 3 నుంచి 4 లీటర్లు పడుతుంది. సగం మైదానానికి దాదాపు 27 ఘనపు మీటర్లు, నూరు ఘనపు అడుగుల ట్రాక్టరు లోడ్లు తొమ్మిది పది. రెండు దఫాలుగా వేయండి. ఆకు కొసలు ఎప్పుడూ కనిపిస్తూ ఉండాలి.

7. మంచు తడి పూర్తిగా ఆరాక కొబ్బరిపీచు చాపనో, బరువు కట్టిన చైన్‌లింక్ కంచె ముక్కనో లాగి ఇసుకను రంధ్రాల్లోకి దించండి. నడి మధ్యాహ్నం లాగితే నలిగిన ఆకు అక్కడికక్కడే మాడుతుంది. ఈ నెలల్లో గాలికి ఇసుక కదలకుండా లాగిన గంటలోపే తడపాలి.

8. మొదటి ఐదు రోజులు పొద్దున, సాయంత్రం 3 మిల్లీమీటర్ల చొప్పున. తర్వాత నెమ్మదిగా ఎడం పెంచి రెండు రోజుల పద్ధతికి తేండి.

9. వారం తర్వాత మళ్లీ ఎకరాకు అర బస్తా యూరియా. మూడు వారాలు ఆట, పరుగు, ట్రాక్టరు ఏదీ వద్దు.

ఇసుక ఎంపికలో పొరపాటు జరిగితే ఏళ్ల తరబడి దిద్దుకోవాలి. రేణువుల్లో ఎక్కువ భాగం పావు మిల్లీమీటరు నుంచి ఒక మిల్లీమీటరు మధ్య ఉండాలి. గాజు సీసాలో సగం దాకా ఇసుక పోసి, నీళ్లతో నింపి, గట్టిగా కుదిపి మూడు గంటలు వదిలేయండి. పైన తేరిన ఒండ్రు పొర మొత్తం ఇసుక ఎత్తులో ఇరవయ్యో వంతు దాటితే ఆ లోడు తిప్పి పంపండి. క్రషర్ ఇసుకైతే దుమ్ము కడిగిందే తీసుకోవాలి. కడగని దుమ్ము రంధ్రాల్లో పేరుకుని సిమెంటు పూతకు తీసిపోకుండా బిగుస్తుంది. వంక ఇసుకలో తుంగ గడ్డలు వస్తాయి, జల్లెడ పట్టకుండా మైదానంలోకి రానివ్వొద్దు.

ఇంకో మాట. మధ్యలోని పిచ్ స్క్వేర్ బంకమట్టితో కట్టినది, దాని మీద ఈ ఇసుక పడకూడదు. మట్టి పొర మీద ఇసుక పొర, దాని మీద మళ్లీ మట్టి చేరితే పిచ్ పైభాగం పెళ్లలుగా లేస్తుంది. స్క్వేర్ అంచు నుంచి రెండు మీటర్ల వెడల్పున టార్పాలిన్ పరిచి పని చేయండి.

ఎరువు

యూరియా బస్తా 45 కిలోలు, అందులో నత్రజని 46 శాతం. ఎకరాకు ఒక బస్తా వేస్తే చదరపు మీటరుకు 5 గ్రాముల నత్రజని. ఔట్‌ఫీల్డ్‌కు ఏడాదికి 15-20 గ్రాములు చాలు, అంటే ఎకరాకు మూడు నాలుగు బస్తాలు. ఒక్కసారికి అర బస్తా మించొద్దు. ఆకు ఎండి ఉన్నప్పుడు చల్లి వెంటనే తడపాలి. సగం చొప్పున నిలువుగా, సగం అడ్డంగా చల్లకపోతే చారలు పడతాయి. భాస్వరం మట్టి పరీక్ష అడిగితేనే. ఉప్పు నీటి మైదానాల్లో పొటాష్‌కు మ్యూరియేట్ బదులు సల్ఫేట్ రూపం వాడండి.

నత్రజని సరిపడా ఉన్నా లేత ఆకు పసుపు తిరిగి ఈనెలు మాత్రం పచ్చగా ఉంటే అది ఇనుము లోపం. సున్నం ఎక్కువున్న నేలల్లో వేరుశనగకు వచ్చేదే ఇక్కడా వస్తుంది, మందూ అదే. లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్), 1 గ్రాము సిట్రిక్ ఆమ్లం, ఎకరాకు 200 లీటర్లు, చల్లబడ్డాక సాయంత్రం పిచికారీ చేయాలి. వారం తర్వాత మరోసారి. యూరియా పెంచితే ఈ పసుపు పోదు, కోత పని పెరుగుతుందంతే.

వేరు పురుగు, తుంగ

వేరుశనగ పొలాల మధ్య ఉన్న మైదానానికి వేరు పురుగు బెడద సహజం. తొలకరి గట్టిగా పడ్డ సాయంత్రాల్లో పెంకు పురుగులు నేల నుంచి లేచి వేప, రేగు చెట్ల మీద వాలి ఆకు తింటాయి, తర్వాత తడి నేలలో గుడ్లు పెడతాయి. మైదానం చుట్టూ వేపచెట్లుంటే పని సులువే. చీకటి పడ్డాక కింద పట్టా పరిచి కొమ్మలు దులిపి, రాలిన పురుగులను కిరోసిన్ కలిపిన నీళ్లలో వేయండి. ఈ పని మొదటి రెండు మూడు వానలకే జరగాలి.

ఆగస్టు, సెప్టెంబరుల్లో నీళ్లున్నా గడ్డి అక్కడక్కడా వాడిపోయి, లాగితే తివాచీలా లేచి వస్తే వేర్లు కొరికేశాయని అర్థం. గోరింకలు, కొంగలు ఒకే చోట పొడుస్తుంటే, అడవిపందులు తవ్వితే అక్కడే చూడండి. 30 సెంటీమీటర్ల చతురస్రం కోసి 8 సెంటీమీటర్ల లోతు వెతికితే ఐదు మించి తెల్ల పురుగులు దొరికినచోట చర్య తప్పదు. పురుగు చిన్నదిగా ఉన్న జూలై, ఆగస్టుల్లోనే మెటారైజియం శిలీంధ్రపు పొడిని తడి ఇసుకలో కలిపి సాయంత్రం చల్లి నీళ్లు పెడితే ఫలితం ఉంటుంది. లావెక్కాక ఏ మందూ సరిగా పనిచేయదు.

తుంగను చేత్తో పీకితే కాడ తెగి కింద గడ్డ మిగులుతుంది, అది మళ్లీ మొలుస్తుంది. హాలోసల్ఫ్యూరాన్ మిథైల్ 75 శాతం గుళికలు ఎకరాకు 36 గ్రాములు, 150-200 లీటర్ల నీటిలో, తుంగ మూడు నుంచి ఐదు ఆకుల దశలో ఉన్నప్పుడు కొట్టాలి. బెర్ముడా దాన్ని తట్టుకుంటుంది. కొట్టడానికి రెండు రోజుల ముందు, తర్వాత రెండు రోజులు కోత ఆపండి. పసుపు తిరగడానికే రెండు వారాలు పడుతుంది. పని చేయలేదనుకుని మోతాదు పెంచకండి. ఆరు వారాలకు మళ్లీ మొలిచినవాటికి రెండో దఫా. పల్లేరుకు మందు అక్కర్లేదు, కాయ గట్టిపడకముందే వేరుతో తీసేస్తే చాలు.

వానల తర్వాత, చలికాలం

సెప్టెంబరు, అక్టోబరు వానలు వేసవిలో పేరుకున్న ఉప్పును కడిగేస్తాయి. ఒక మంచి వాన పడ్డ రాత్రే బోరు నీళ్లు మరో 10 మిల్లీమీటర్లు కలిపితే ఉప్పు వేరు కిందికి దిగిపోతుంది. తడి నేల మీద ఇంకా నీళ్లు పెట్టడం వింతగా అనిపిస్తుంది గానీ ఇందులో ఖర్చు తక్కువ, లాభం ఎక్కువ. నీరు నిలిచే మైదానంలో మాత్రం చేయొద్దు.

మబ్బు, ముసురు వరసగా ఉంటే ఆకుమచ్చ కనిపిస్తుంది. రెండు ఎండలు కాస్తే చాలావరకు తనే సర్దుకుంటుంది. సాయంత్రపు నీళ్లు మానేయడమే మొదటి మందు.

డిసెంబరు, జనవరిల్లో రాత్రి వేడి 15-17 డిగ్రీలకు దిగినా ఇక్కడ బెర్ముడా పూర్తిగా నిద్రపోదు, ఎదుగుదల మందగిస్తుందంతే. చలి ప్రాంతాల్లో చేసినట్టు పైన రై గడ్డి చల్లడం మనకు అనవసరం. దానికి నీళ్లూ కావాలి, మార్చిలో అది చచ్చేటప్పుడు బెర్ముడాను అడ్డుకుంటుంది కూడా. నెలకు ఎకరాకు పావు బస్తా యూరియా, రంగు కోసం ఒకసారి అన్నభేది చాలు. పొద్దున్నే ఇద్దరు చెరో చివర పట్టుకుని పొడుగాటి తాడు లాగి మంచు రాల్చేస్తే నాణెమంత మచ్చల తెగులు తగ్గుతుంది.

పుటింగ్ గ్రీన్ అయితే

రిసార్టులోనో క్యాంపస్‌లోనో చిన్న గ్రీన్ ఉంటే రకం మారుతుంది: టిఫ్‌డ్వార్ఫ్ వంటి పొట్టి బెర్ముడా, లేదా నీరు బాగా ఉప్పగా ఉంటే సీషోర్ పాస్పాలమ్. కోత ఎత్తు 4 మిల్లీమీటర్లు, రోజూ కోయాలి. ఇసుక ఏడాదికోసారి మందంగా కాదు, పెరిగే కాలంలో రెండు మూడు వారాలకోసారి చదరపు మీటరుకు అర లీటరు. కింద 30 సెంటీమీటర్ల ఇసుక పడక, దాని కింద 10 సెంటీమీటర్ల కంకర, ఐదు మీటర్ల ఎడంలో రంధ్రాల పైపులు ఉండాలి. అవి లేకుండా ఎర్ర నేల మీద నేరుగా వేసిన గ్రీన్‌ను 4 మిల్లీమీటర్లకు దించితే రెండో వేసవి చూడటం కష్టం. అలాంటి దాన్ని 6-7 మిల్లీమీటర్ల దగ్గరే ఆపి, నెలకోసారి సన్నటి గట్టి టైన్లతో గుచ్చుతూ నడపండి. మే నెల మధ్యాహ్నాల్లో గ్రీన్ అంచులు నీలిరంగుకు తిరిగితే అక్కడికే చేతి పైపుతో రెండు నిమిషాలు నీళ్లు చిలకరించాలి, గ్రీన్ మొత్తానికి కాదు.